రెండే డొప్పలు, వెనక అడుగులు

మేడ్చల్, రైలు గేటు వెనక గల్లీ
4 ఫిబ్రవరి 2008, సోమవారం

యాప్రాల్‌లోని శబ్దశ్రీ ఎలక్ట్రానిక్స్ షాపు పెద్దలకు మేడ్చల్ సాలమ్మ నమస్కరించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం పద్ధతి. నేను క్షేమంగా లేను కాబట్టి ఆ ముక్క రాయడం లేదు. మీరు క్షేమంగానే ఉండి ఉంటారు, సామాను అమ్మేసినవాళ్లకు ఏమవుతుంది.

నేను నాలుగో తరగతి దాకే చదివాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదవండి. మీ అడ్రసు అట్టపెట్టె మీద ఉంటే చూసి రాస్తున్నాను. ఈ ఉత్తరం సంగతి మా వాడికి తెలియదు. జవాబు రాస్తే పగటి పూటే చేరేటట్టు రాయండి. పోస్టుమ్యాన్ పదకొండింటికి వస్తాడు, అప్పుడు మా వాడు డ్యూటీలో ఉంటాడు.

మా వాడంటే నా కొడుకు దేవేందర్. ముగ్గురు ఆడపిల్లల తర్వాత పుట్టినవాడు. దూలపల్లిలో అట్టపెట్టెలు చేసే కంపెనీలో సూపర్‌వైజర్. తాగుడు లేదు, తిరుగుడు లేదు. పోయిన నెల మీ షాపులో చెవులకు పెట్టుకునే పెద్ద డొప్పలు కొన్నాడు. డ్యూటీ నుంచి వచ్చి చాయ్ తాగి, అవి తగిలించుకుని కంప్యూటర్‌లో తుపాకుల ఆట ఆడతాడు. ఆ డొప్పల మీదే నా ఫిర్యాదు.

మీరు వాడికి ఓటి సామాను అంటగట్టారు. డొప్పల వెనక మూత లేదు. జాలీ ఉంది. మా వంటింటి కిటికీకి దోమలు రాకుండా కొట్టించిన జాలీ కూడా దానికంటే గట్టిగా ఉంది. అందులోంచి చప్పుడంతా బయటికి కారిపోతుంది. మొన్న పక్కింటి శివమ్మ మా ఇంట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ వాడి వైపు చూసి, "అక్కా, మీ పోరని నెత్తిల ఏదో చిటచిట అంటాంది, ఒకపారి దవాఖానల చూపెట్టరాదు" అన్నది. శివమ్మ నోట్లో పడ్డది మేడ్చల్ బస్‌డిపోలో పడ్డట్టే. అన్ని బస్సులూ ఎక్కుతుంది.

ఇక రెండో సంగతి. డొప్పలు రెండే. ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడి చెవికి. వెనక ఏమీ లేదు, నేను చేయి పెట్టి తడిమి చూశాను. కానీ నిన్న వాడు ఆడుతూ ఆడుతూ, "ఎనుకకెల్లి వస్తుండు" అన్నాడు.

"ఎవడు బిడ్డా" అన్నాను.

"వాడే అమ్మా. అడుగులు ఇనబడ్తలేవా."

"నీ ఎనుక నేనున్న."

"నువ్వు గాదు. ఇంకొకడు."

నా వెనక గోడ ఉంది. గోడ మీద మా ఆయన ఫోటో ఉంది. ఆయన పోయి తొమ్మిదేళ్లు.

వాడికి ఒక సంబంధం నడుస్తున్నది. ఇంతకు ముందు రెండు వచ్చి జారిపోయాయి. ఒకరికి మా గల్లీ నచ్చలేదు, ఒకరికి నేను నచ్చలేదు. ఇది కూడా పోతే ఇగ నేను ఎక్కడని వెతకాలి. పిల్ల తరఫువాళ్ల చెవిన పడకముందే ఆ డొప్పలను మీరు చప్పుడు చేయకుండా వాపసు తీసుకోండి.

ఇట్లు,
సాలమ్మ

తా.క.: కవరులో రాళ్ల ఉప్పు, ఏడు ఎండుమిరపకాయలు పెట్టాను. మా ఇంట్లో ఉన్నదానికి నేను దిష్టి తీశాను. షాపులో మిగిలినవాటికి మీరు తీయండి. ఎడమ నుంచి కుడికి మూడుసార్లు.

——

శబ్దశ్రీ ఎలక్ట్రానిక్స్, వినియోగదారుల సేవా విభాగం, యాప్రాల్
8 ఫిబ్రవరి 2008

గౌరవనీయులైన సాలమ్మ గారికి,

మీ ఉత్తరం అందింది. మా సంస్థ సరుకు వాడుతున్నందుకు కృతజ్ఞతలు.

మీరు పేర్కొన్న హెడ్‌ఫోన్ ఓపెన్ బ్యాక్ రకానికి చెందినది. వెనక జాలీ ఉండటం దాని తయారీలోనే ఉన్నది, లోపం కాదు. నిజానికి ఇది సంగీతాన్ని శ్రద్ధగా వినేవారి కోసం చేసింది. శబ్దం డొప్పలో ఇరుక్కోకుండా, గదిలో పరుచుకున్నట్టు వినిపిస్తుంది. ఆ గుణం చూసి ఈ మధ్య కొందరు ఆటలకూ వాడుతున్నారు.

వెనక డొప్ప లేకుండా వెనక చప్పుడు ఎలా వినిపిస్తుందని అడిగారు. మనకు ఉన్నవి రెండు చెవులే. అయినా రోడ్డు మీద నడుస్తుంటే వెనక నుంచి వచ్చే బస్సు వెనకదని తెలుస్తుంది. ఏ చెవికి ముందు చేరింది, ఏ చెవికి ఎంత మెత్తగా చేరింది అన్నదాన్ని బట్టి మన మెదడు గ్రహిస్తుంది. కంప్యూటర్ ఆ తేడాలను కల్పించి రెండు డొప్పలకూ పంపుతుంది. అందువల్ల లేనిచోట మనిషి ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. దీన్నే సరౌండ్ సౌండ్ అంటారు. ఇది ఈ సరుకు ప్రత్యేకత.

కాబట్టి వాపసు తీసుకునే అవకాశం లేదని తెలియజేయుటకు చింతిస్తున్నాము. దయచేసి జాలీని ఏ వస్తువుతోనూ మూయవద్దు.

భవదీయుడు,
చక్రపాణి

తా.క.: ఉప్పు, మిరపకాయలు అందాయి. పోస్టాఫీసు ముద్ర దెబ్బకు మిరపకాయలు దారిలోనే పొడి అయ్యాయి. కవర్లు తెరిచే ఉద్యోగి మధ్యాహ్నం దాకా తుమ్మాడు. మిగిలిన సరుకుకు దిష్టి తీసే ఏర్పాటు మా వద్ద లేదు.

——

మేడ్చల్
11 ఫిబ్రవరి, సోమవారం

చక్రపాణి గారికి సాలమ్మ రాయునది. మీ ఉత్తరం చదివిన దగ్గర నుంచి అన్నం సహించడం లేదు.

లేని మనిషి ఉన్నట్టు భ్రమ కలుగుతుందని మీరే మీ షాపు ముద్ర వేసి రాశారు. నేను అనుమానపడ్డాను అంతే. మీరు ఒప్పుకున్నారు. మా చిన్నతనంలో ఇట్లాంటివి వస్తే భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోయేవాళ్లు, మీరు దాన్ని ప్రత్యేకత అని అమ్ముతున్నారు.

మొన్న శుక్రవారం రాత్రి నేను పక్కనే కూర్చుని చూశాను. వాడు ఉన్నట్టుండి గొంతు తగ్గించి, "ఆగు, ఎడమ దిక్కు మెట్ల మీద ఉన్నడు" అన్నాడు. మాది రేకుల ఇల్లు, చక్రపాణి గారూ. మెట్లు లేవు. గడప ఒక్కటే ఉంది.

"ఏ మెట్లు బిడ్డా" అంటే, "చెక్క మెట్లు. కిర్రుమంటున్నయ్" అన్నాడు. అంటే ఏ కట్టెతో చేశారో కూడా తెలుస్తున్నదన్నమాట.

ఇక అసలు సంగతికి వస్తాను. శనివారం వాడు డ్యూటీకి పోయాక నేను ఆ డొప్పలు నా చెవులకు పెట్టుకున్నాను. కంప్యూటర్ బంద్ ఉంది. తీగ కూడా పీకేసి ఉంది. అయినా వినిపించింది. ఏం వినిపించిందో తెలుసా, మా నల్లా. చుక్క చుక్క పడుతున్న చప్పుడు. తర్వాత శివమ్మ తన కోడలిని తిడుతున్న మాటలు. తర్వాత మా పొయ్యి మీద పాలు పొంగిన చప్పుడు. తీగ లేని డొప్పల్లోకి మా ఇంటి నల్లా ఎట్లా వచ్చింది. ఆ జాలీ చప్పుడు బయటికి పోవడానికే అనుకున్నాను, లోపలికి పట్టుకోవడానికి కూడా అని అప్పుడు అర్థమైంది. మా ఇంట్లో మాటలు పట్టుకుని ఎవరికి పంపుతున్నారో మీరే చెప్పాలి. మీ షాపులో కూర్చుని వింటున్నది మీరేనా.

అందుకని కొవ్వొత్తి మైనం మెత్తగా చేసి, చపాతీ పిండిలా వత్తి, రెండు జాలీలకూ నిండా అంటించాను. మూయవద్దని మీరు రాశారు. ఎందుకు వద్దన్నారో నాకు తెలుసు.

కానీ మూసిన దగ్గర నుంచి ఇంకొకటి మొదలైంది. ఆ రాత్రి అన్నానికి పిలిస్తే పలకలేదు. నాలుగుసార్లు పిలిచాను. దగ్గరికి పోయి భుజం తడితే ఉలిక్కిపడి లేచి, "ఎప్పుడొచ్చినవమ్మా" అన్నాడు. నేను ఈ ఇంటికి వచ్చి నలభై రెండేళ్లు.

పిల్లది షామీర్‌పేట. పేరు వినోద. మీకు చెబితే ఏం పోతుంది, యాప్రాల్‌లో మిమ్మల్ని ఎవరు అడుగుతారు. ఇరవై ఎనిమిదో తారీఖు గురువారం పిల్ల తల్లిదండ్రులు మా ఇల్లు చూడడానికి వస్తున్నారు. వాళ్లకు నచ్చితే తర్వాత మేం పోయి పిల్లను చూడాలి. సంబంధం తెచ్చిన ఓదెలు ఒక మాట చెప్పి నన్ను పరేషాన్‌లో పడేశాడు. "పిల్ల నాయిన మెత్తనోడే అక్కా. మేనమామ ఉన్నడు సూడు, వాడే మస్తు అనుమానపు మనిషి. నలుగుర్ని అడుగంది, ఆరా దీయంది అడుగెయ్యడు" అన్నాడు. నాకు అనుమానపు మనుషులంటే మొదటి నుంచీ పడదు.

కాబట్టి షామీర్‌పేట నుంచి ఎవరైనా మీ షాపుకు వచ్చి దేవేందర్ అనేవాడు ఏం కొన్నాడని అడిగితే, ఆ పేరే వినలేదని చెప్పండి.

ఇట్లు,
సాలమ్మ

తా.క.: మీరు నిజంగా వింటున్నట్టయితే, శివమ్మ కోడలిని అన్న మాటలు మా ఇంటివి కావు. మా లెక్కలో రాసుకోవద్దు.

——

శబ్దశ్రీ ఎలక్ట్రానిక్స్, యాప్రాల్
15 ఫిబ్రవరి 2008

గౌరవనీయులైన సాలమ్మ గారికి,

మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. మూడోసారి షాపు మూసి, ఇంటికి తీసుకుపోయి చదివాను.

ముందుగా, మీ ఇంటి మాటలు మాకు చేరడం లేదు. ఉత్తరాల ద్వారా చేరుతున్నవి తప్ప.

తీగ పీకేసినా నల్లా చప్పుడు వినిపించిందంటే, అది మీ చెవికి మీ నల్లా మామూలుగా వినిపించడమే. ఈ రకం హెడ్‌ఫోన్ చెవిని మూసేయదు. జాలీలోంచి బయటి చప్పుడు లోపలికి వస్తూనే ఉంటుంది. ఆటలు ఆడేవారు చాలామంది ఇది వద్దని, పూర్తిగా మూసి ఉండే రకం తీసుకుంటారు.

మీ అబ్బాయి దీన్నే ఎందుకు తీసుకున్నాడో మా కౌంటర్‌లో ఉండే పరమేశ్‌ను అడిగాను. అతనికి బాగా గుర్తుంది. మీ అబ్బాయి మొదట మూసి ఉండే రకం పెట్టుకుని చాలాసేపు విన్నాడట. చప్పుడు బాగుంది, తుపాకులు బాగా మోగుతున్నాయి అన్నాడట. తర్వాత పరమేశ్‌ను నాలుగు అడుగుల దూరంలో నిలబెట్టి, మెల్లగా "దేవా" అని పిలవమన్నాడట. వినిపించలేదు. అది తీసి పక్కన పెట్టాడు. జాలీ ఉన్నది పెట్టుకుని మళ్లీ పిలవమన్నాడు. వినిపించింది. "గిదే ఇయ్యి. ఇంట్ల మా అమ్మ ఒక్కతే ఉంటది. పిలిస్తే ఇనబడాలె" అన్నాడట.

కాబట్టి మీరు మైనంతో మూసింది వెనకవాడి దారి కాదు. మీ దారి.

మైనాన్ని వేడి చేయకుండా, పిన్నీసుతో అంచుల నుంచి నెమ్మదిగా లేపండి. జాలీలోకి గుచ్చవద్దు.

ఇక ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పమని కోరారు. అది మా షాపు పద్ధతి కాదు. అడిగితే ఉన్నది ఉన్నట్టే చెప్పవలసి ఉంటుంది. అయితే షామీర్‌పేట నుంచి ఇంతవరకు ఎవరూ వచ్చి అడగలేదని నిజాయితీగా తెలియజేస్తున్నాను.

భవదీయుడు,
చక్రపాణి

తా.క.: ఈ ప్రశ్న షాపు తరఫున కాదు. మైనం పెట్టకముందు, ఆటలో ఉన్నప్పుడు మీరు పిలిస్తే అతను ఎన్నో పిలుపుకు పలికేవాడు?

——

మేడ్చల్
18 ఫిబ్రవరి, సోమవారం

చక్రపాణి గారికి సాలమ్మ రాయునది.

మీ ఉత్తరం చదివి కొంగు నోట్లో పెట్టుకుని కాసేపు గడప మీద కూర్చున్నాను. శివమ్మ చూసి, ఎవరు పోయారని అడిగింది. ఎవరూ పోలేదని చెప్పాను, నమ్మలేదు.

మైనం తీశాను. ఒక పూట పట్టింది. ఎడమ జాలీకి ఒక మూల పిన్నీసు తగిలి కొంచెం గీత పడింది, దానికి మీరు నన్ను ఏమీ అనవద్దు.

సాయంత్రం వాడు ఆడుతుంటే వంటింట్లోంచి పరీక్ష చేశాను. గట్టిగా కాదు, చెంచా గిన్నెలో పెట్టినంత మెల్లగా "దేవా" అన్నాను. "ఆఁ అమ్మా" అన్నాడు. మళ్లీ కాసేపటికి పిలవనే లేదు, గొంతు సవరించుకున్నాను. "దగ్గొస్తుందా అమ్మా, గోలి తెచ్చియ్యాల్నా" అన్నాడు. ఆటలో ఎవరో వాడిని కాల్చేశారు అప్పుడే. "నీ దగ్గుకు సచ్చిన" అని నవ్వాడు. నాకు ఆ మాట నచ్చలేదు. నీళ్లు తిప్పి పోశాను.

మీరు అడిగిన దానికి జవాబు ఒక్క పిలుపు. కానీ షాపువాళ్లకు ఆ సంగతి ఎందుకు. నల్లా బిగించేవాడు నల్లా గురించి అడగాలి, మా వాడు పలుకుతాడా పలకడా అని అడగడు. మీ మీద నాకు మళ్లీ అనుమానం వస్తున్నది.

ఇప్పుడు నా పరేషాన్ అంతా వచ్చే వారం గురువారం గురించి. వాడు మంచివాడని నాకు తెలుసు, ఇప్పుడు మీకు తెలుసు. కానీ వచ్చేవాళ్లకు ఏం కనిపిస్తుంది. ఇరవై ఏడేళ్ల మగపిల్లవాడు నెత్తికి డొప్పలు తగిలించుకుని గాలితో మాట్లాడటం. ఆ మేనమామ ఒక్కసారి చూశాడంటే లేచి చెప్పులు తొడుక్కుంటాడు. అందుకని కంప్యూటర్ మీద దుప్పటి కప్పి దాని మీద పూలకుండీ పెడతాను. డొప్పలు బియ్యం డబ్బాలో దాస్తాను. వాడికి కూడా చెప్పాను.

"ఎవరన్న అడుగుతె ఆటలు ఆడనని చెప్పు బిడ్డా."

"అడుగుతె ఆడ్తనని చెప్త."

"గట్ల చెప్తె పిల్లనియ్యరు."

"ఇయ్యకుంటె మానె. రేపు వచ్చినంక సూడదా."

"వచ్చినంక సూస్తె ఏం గాదు. అప్పటికి తాళి గట్టి ఉంటవు."

వాడు నా వైపు చూసిన చూపు బాగా లేదు. అబద్ధం ఆడడు, వాళ్ల నాయిన గుణం. ఆయనకు కూడా అందుకే బస్‌డిపోలో ప్రమోషన్ రాలేదు. కాబట్టి ఆ రోజు మాటలన్నీ నేనే మాట్లాడతాను. వాడిని నోరు తెరవనియ్యను.

ఇట్లు,
సాలమ్మ

తా.క.: డొప్పల్లోంచి నల్లా చప్పుడు విన్నాక అది కారుతున్నదని తెలిసి వాషర్ మార్పించాను. మీ సామానుతో నాకు జరిగిన మేలు ఇది ఒక్కటే.

——

శబ్దశ్రీ ఎలక్ట్రానిక్స్, యాప్రాల్
22 ఫిబ్రవరి 2008

గౌరవనీయులైన సాలమ్మ గారికి,

మీ ఫిర్యాదు పరిష్కారమైనట్టు నమోదు చేశాము. జాలీ మీది గీత వల్ల వినికిడికి ఇబ్బంది లేదు.

హెడ్‌ఫోన్‌ను బియ్యం డబ్బాలో ఉంచవద్దు. తవుడు దుమ్ము లోపలికి చేరుతుంది.

భవదీయుడు,
చక్రపాణి

తా.క.: ఇరవై ఎనిమిదిన నేను సెలవులో ఉంటాను. ఆ రోజు షాపుకు ఫోన్ చేయించవద్దు, ప్రయోజనం ఉండదు.

——

మేడ్చల్
1 మార్చి, శనివారం

తమ్ముడు చక్రపాణికి, అవును తమ్ముడనే రాస్తున్నాను, గౌరవం ఇచ్చే ఓపిక అయిపోయింది, సాలమ్మ రాయునది.

గురువారం మీరు జీపు దిగినప్పుడు ముందు మీ బావ దిగాడు, తర్వాత మీ అక్క, తర్వాత ఓదెలు. చివరికి సంచి పట్టుకుని ఒక బక్క మనిషి దిగితే జీపు డ్రైవరేమో అనుకున్నాను. బయట అరుగు మీద కూర్చోమని నీకు చెంబుతో నీళ్లు కూడా అక్కడికే పంపాను. ఉత్తరాల్లో రాత చూసి మనిషి ఇంత పొడుగు ఉంటాడనుకున్నాను.

లోపల నేను ఎంత బాగా నడిపించుకొచ్చాను. మీ అక్క, "పిల్లగాడు డ్యూటీ నుంచొచ్చి ఏం జేస్తడు" అని అడిగితే, "ఏం జేస్తడమ్మా, పేపర్ సదువుతడు, నా కాళ్లొత్తుతడు" అన్నాను. దేవేందర్ నోరు తెరవబోతే వాడి చేతిలో లడ్డూ పెట్టాను. మీ బావ పూలకుండీ బాగుందన్నాడు. అంతా గట్టెక్కింది అనుకుంటుండగా నువ్వు అరుగు మీది నుంచి లేచి, గడప దగ్గరికి వచ్చి, చాయ్ సాసర్ కింద పెట్టి, "మైనం మొత్తం ఊడొచ్చిందా అక్కా, జాలీల ఏమన్న మిగిలిందా" అన్నావు.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది, ఉత్తరాలు రాసే చక్రపాణివీ, ఆ అనుమానపు మేనమామవీ నువ్వేనని. తర్వాత నేల చీలితే బాగుండునని దానివైపే చూశాను. అది చీలలేదు, గచ్చు ఈ మధ్యే చేయించాం.

మీ బావ, "ఏం మైనం రా పాణీ" అన్నాడు. నువ్వేమన్నావో నాకు ఒక్క అక్షరం పోకుండా గుర్తుంది. "ఏం లేదు బావా. ఆరా దీసుడు అయిపోయింది. రెండు వారాల సంది తీస్తున్న. నేను ఈ ఊళ్లె ఒక్కర్ని గూడ అడుగలె, ఆమెనే అన్ని రాసి పంపింది. పిల్లగాడు బంగారం. తల్లే జర" అని ఆగావు. జర తర్వాత ఏమిటో ఇప్పటిదాకా చెప్పలేదు.

అప్పుడు మా వాడు లడ్డూ మింగి, "నేను ఆటలు ఆడ్త మామా" అని, బియ్యం డబ్బాలో చేయి పెట్టి ఆ డొప్పలు తీశాడు. బియ్యం గింజలు మీ బావ ఒళ్లో పడ్డాయి. ఆయన అవి తలంబ్రాలేమో అన్నట్టు చూసుకుని నవ్వాడు. మీ అక్క కూడా నవ్వింది. పిల్లనిస్తామని అక్కడికక్కడే మాట ఇచ్చి, నా చేతి బువ్వ తిని, జీపెక్కి పోయారు. నువ్వు రెండుసార్లు పప్పు వేయించుకున్నావు.

రెండు రోజుల నుంచి శివమ్మ అందరికీ మంచి సంబంధం కుదిరిందని చెప్పుకుంటూ తిరుగుతున్నది. మా వాడు ఈల వేస్తూ డ్యూటీకి పోయాడు. నాకు మాత్రం మనసు నిలవడం లేదు. కూర్చుని ఆలోచించాను. పడుకుని ఆలోచించాను.

తమ్ముడూ, నేను నీకు ఏం దాచలేదు. మా వాడు లేని మనిషితో మాట్లాడతాడని రాశాను. లేని మెట్లు చూస్తాడని రాశాను. నేను మైనం పూశాననీ, కంప్యూటర్ మీద పూలకుండీ పెట్టి మిమ్మల్ని మోసం చేస్తాననీ రాశాను. శివమ్మ ఏమన్నదో కూడా రాశాను. మూడు ఉత్తరాలు. ఏ ఇంటివాళ్లయినా మొదటిదానికే పారిపోతారు. నువ్వు అనుమానపు మనిషివని ఓదెలు ప్రమాణం చేసి చెప్పాడు. అట్లాంటివాడివి అన్నీ చదివి, సెలవు పెట్టి మరీ వచ్చి, బంగారం అన్నావు.

మరి పిల్లలో ఏముంది. అది చెప్పు.

ఊరికే ఎవరూ ఇంత మంచిగా ఉండరు. తొమ్మిదో తారీఖు ఆదివారం మేం పిల్లను చూడడానికి షామీర్‌పేట వస్తున్నాం. ముహూర్తం మాట అప్పటిదాకా ఎవరూ ఎత్తవద్దని మీ బావకు చెప్పు. మా వాడికి మాత్రం చెప్పకు, వాడు ఇప్పటికే చొక్కా కుట్టించుకున్నాడు.

ఇట్లు,
మీకు వియ్యపురాలు అవుతుందో లేదో ఇంకా తేల్చుకోని
సాలమ్మ

తా.క.: ఓదెలు ఇచ్చిన ఫోటో మళ్లీ తీసి చూశాను. పిల్ల లక్షణంగా ఉంది. కానీ ఎడమ చెవి ఒక్కటే కనిపిస్తున్నది. కుడి చెవి మీదికి జుట్టు దువ్వి, పైన పూలు పెట్టి ఫోటో తీయించారు. కావాలనే తీయించారా. ఆదివారం లోపు జవాబు రాయి, షాపు ముద్ర వేసి.